నాలుగంగుళాల ఎత్తు

మైనాట్ ఊళ్లో జనవరి పొద్దున
సున్నాకి ముప్పై డిగ్రీల కింద
నా ట్రక్కు, తాడు కట్టిన మొండి దూడలా
ఎల్డన్ బండి వెనకాలే షోరూముకొచ్చింది.
దారి పొడుగునా పచ్చటి కూలెంటు చుక్కలు,
మంచు మీద ఎవరో ముగ్గు మొదలెట్టి మానేసినట్టు.

ట్రెవర్ బండి కిందికి వంగి చూడలేదు.
వంగాల్సిన పని లేదు, అంత ఎత్తుంది అది.
టేపు తీసి కొలిచాడు.
కంపెనీ ఇచ్చినదానికన్నా నాలుగంగుళాలు ఎక్కువ.
"వారంటీ పోయినట్టేనండి, మార్లిస్ గారూ" అన్నాడు,
పోయినవాళ్ల ఇంటికొచ్చినంత మెల్లగా.

పోయింది నీళ్ల పంపు, అన్నాను.
ఎత్తింది స్ప్రింగుల్ని.
బోడిగుండుకీ మోకాలికీ ముడి ఎక్కడేశావు నాయనా?
అతను స్క్రీను వైపు చూశాడు.
స్క్రీను అతని వైపు చూసింది.
ఇద్దరూ ఏమీ అనలేదు.

ఆ నాలుగంగుళాలు సోకుకి కాదు.
ఏప్రిల్లో మంచు కరిగితే మా దారి అంబలి.
వెనకాల ఇరవై నాలుగు తేనెపెట్టెలు,
పెట్టెకి ముప్పై వేల ఈగలు.
ఒక్క గుంతలో ఇరుసు కూరుకుపోతే
అవి నన్నడుగుతాయి, కంపెనీని కాదు.
ఎల్డన్ తన కొట్టంలో రెండు రాత్రులు
వెల్డింగు రవ్వలకి గడ్డం అంచు కాల్చుకుని
ఎత్తాడు దాన్ని.
కూలి రెండు బకెట్ల క్లోవర్ తేనె అన్నాడు,
ఒకటే పట్టుకెళ్లాడు.

మూడో రోజు ఫోను.
"ఎయిర్ ఫిల్టర్లో ఈగ దొరికిందండి.
ఫోటో తీశాం.
బయటి పదార్థం అని రాశాం."

ఒక్క ఈగ.
ఎండి, గోధుమ పొట్టంత బరువు కూడా లేనిది.
అది పంపు సీలు చింపిందట!
నవ్వొచ్చింది గాని
అద్దె బండికి రోజుకి అరవై డాలర్లు లెక్కకొచ్చి
నవ్వు పళ్ల దాకా వచ్చి ఆగింది.

నాలుగో రోజు, కస్టమర్లకి ప్రవేశం లేదన్న బోర్డు
నాకు కనబడలేదు.
అంటే, కనబడింది.
లోపల లొయెల్, అరవై దాటినవాడు,
ఎడమచేతికి చూపుడువేలు సగమే ఉంది,
బల్ల మీద మూడు పంపులు వరసగా పెట్టుకున్నాడు.
మూడింటికీ ఒకే చోట, వెంట్రుకంత చీలిక.
"ఇది నీది" అన్నాడు తలెత్తకుండా.
"ఆ రెండూ అంగుళం కూడా ఎత్తని బండ్లవి.
ఈ చివరిది బ్యాంకామెది,
తారురోడ్డు దిగి ఎరగదు."
మరి ట్రెవర్‌కి చెప్పలేదా?
"అడగలేదు."
కాగితం లాక్కుని రాశాడు, అక్షరాలు పెద్దవిగా,
బడిపిల్లాడు రాసినట్టు:
తయారీలోనే లోపం.
సంతకం కన్నా ముందే
కాగితం మీద నల్లటి నూనె బొటనవేలు పడింది.

ఐదో రోజు పంపు మార్చారు.
డబ్బు అడగలేదు, పొరపాటైందనీ అనలేదు.
తనిఖీ ఖర్చని నూట ముప్పై మాత్రం వేశారు.
గంట సేపు వాదించి సగం కట్టాను.
ఆ సగమూ కట్టకుండా ఉండాల్సింది.
కానీ మూడున్నరకే చీకటి కమ్ముకొస్తోంది,
నేలమాళిగలో పెట్టెల దగ్గర ఫ్యాను చూసేవాళ్లు లేరు.

తాళాలిస్తూ ట్రెవర్ నాతో బయటికొచ్చాడు.
కోటు లేకుండా, భుజాలు ముడుచుకుని.
ఈసారి వంగాడు.
టార్చి వేసి చూశాడు, చాలాసేపు.
"వెల్డు భలే శుభ్రంగా ఉంది.
ఎవరు చేశారండీ?
మా బావమరిది బండికి..."

ఎల్డన్ నంబరు చెప్పాను.
డబ్బు పుచ్చుకోడు, తేనె కొనుక్కెళ్లమన్నాను.
తేనె ఎవరి దగ్గర దొరుకుతుందో కూడా చెప్పాను,
ధరతో సహా.

ఇంజను వేడెక్కుతుంటే అద్దం దించి
నా ఈగని నాకిమ్మన్నాను.
పారేశామన్నాడు.
ఫోటో మాత్రం ఉందట, ఫైల్లో,
నా పేరు కింద.